పసుపు చుక్క

మార్చి 2, ఆదివారం

ముప్పై నాలుగేళ్లు కాలేజీ లైబ్రరీలో ఎవరెవరో రాసిన పుస్తకాలకు అట్టలు వేశాను, నంబర్లు వేశాను, దుమ్ము దులిపాను. ఈ నోటుబుక్కుకు నంబరు లేదు. ఎవరికీ ఇచ్చేది కాదు. ఇందులో వాదీ నేనే, సాక్షీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే. ఇంతకంటే న్యాయమైన కోర్టు నాకెక్కడా దొరకలేదు.

ఈ రోజు షెడ్డులో భయం వేసింది. చేతిలో టార్చిలైటు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాను.

ఇంజనులోకి గాలిని తోసే టర్బోను, పొగ పోయే ఎగ్జాస్టు గొట్టానికి పట్టి ఉంచే నట్లు నాలుగు. నాలుగింటి మీదా పసుపు చుక్క ఉంది. నా చుక్కే. బిగించిన ప్రతి నట్టుకూ పసుపు పెయింటు పెట్టడం నా పద్ధతి. గుర్తున్నదాన్ని మళ్లీ ముట్టుకోను. ఈ రోజు పైనున్న, వేడిని ఆపే రేకు సర్దుతుంటే వేలు తగిలి ఒక నట్టు తిరిగింది. స్పానర్ కాదు, వేలు. పక్కదాన్ని కూడా పట్టి చూశాను. అదీ తిరిగింది. మిగతా రెండూ రాయిలా ఉన్నాయి.

ఆ టర్బోను ఆనుకునే నూనె పైపు పోతుంది. గట్టిగా తొక్కితే టర్బో నిప్పుకణికలా ఎర్రబడుతుంది. దాని నట్లు ఊడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ వాక్యం రాయను.

ఇంజను మళ్లీ కూర్చాక ఒక్కసారి కూడా స్టార్టు చేయలేదు. వేడికి వదులయ్యాయనడానికి వీల్లేదు. అంటే ఎవరో విప్పారు.

గురువారం మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. రైల్వే గేటు దగ్గర వర్క్‌షాపు. ఊరంతా వాడిని ఇంజన్ల దేవుడంటుంది, నేను గ్రీజు మహారాజు అంటాను. నేను టీ తెచ్చేసరికి బానెట్ మీదికి వంగి ఉన్నాడు. ఏం చేస్తున్నావురా అంటే, ఏం లేదు బావా, ఊరికే చూస్తున్నా అన్నాడు. పిల్లి కూడా పాలకేసి ఊరికే చూస్తుంది.

వాడికేం పని అంటే, ఉంది. పందొమ్మిదేళ్ల కిందట నేను పుస్తకంలోని పట్టికలు చూసి టర్బో ఒత్తిడి పెంచాను. పట్టిక తప్పు. పిస్టన్‌కు రూపాయి బిళ్లంత చిల్లు పడింది. ఇంజను విప్పింది వాడే. ఆ పిస్టన్‌ను తీగకు కట్టి వర్క్‌షాపు గుమ్మానికి వేలాడదీశాడు. కింద అట్టముక్క మీద 'పుస్తకాలు చదివిన పిస్టన్' అని రాశాడు. వచ్చిన ప్రతివాడూ అదేమిటని అడుగుతాడు, వీడు చెబుతాడు. పందొమ్మిదేళ్లుగా చెబుతున్నాడు. అది చూసి మా ఆవిడ కూడా నవ్వింది. నాకు బాగా తగిలింది ఆ నవ్వే.

ఇరవై మూడో తేదీన పాత రన్‌వే మీద పాత కార్ల పోటీ. వాడి కారూ వస్తుంది, నాదీ వస్తుంది. ఈసారి నాది గెలుస్తుంది. ఆ సంగతి వాడికి తెలుసు.

రెండు నట్లూ బిగించాను.


మార్చి 3

షెడ్డుకు కొత్త తాళం. చెవి ఒకటి తాడుకు కట్టి మెడలో వేసుకున్నాను. రెండోది బియ్యం డబ్బాలో.


మార్చి 5

కారు నడిపేది అమ్మాయి. నలభై ఒకటి వచ్చినా నాకు అమ్మాయే. కొండ అవతలి స్కూల్లో లెక్కలు చెబుతుంది, నాతోనే ఉంటుంది. పెళ్లి కుదర్లేదు, కుదిరినవాడు కుదురుగా లేడు, అది వేరే పుస్తకం. చేయి మంచిది. గేరు మార్చేటప్పుడు ఇంజనుకు నొప్పి తెలియనివ్వదు. నన్ను నడపొద్దని డాక్టరు రెండేళ్ల కిందటే కాగితం రాసిచ్చాడు. కళ్లట. నా మోచేయి పట్టుకుని అటూ ఇటూ వంచి చూసి, ఇంకేదో కూడా రాశాడు. వాడి చేతిరాత వాడి దేవుడికే తెలియాలి. నేను చదవలేదు.

రెండు తలుపుల కారు. ముప్పై ఏళ్లు దాటింది. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. మా ఆవిడ దీన్ని నా సవతి అనేది. ఎవరైనా ఇంటికి వస్తే, ఆయన సవతి దగ్గరున్నారు, కూర్చోండి అని చెప్పేది. ఈ శీతాకాలంలో సవతికి పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టాను. టర్బోలో వేడెక్కిన గాలిని ఇంజనులోకి పోయేముందు చల్లార్చేది అదే. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాను. ఈసారి పట్టికలు నమ్మలేదు. గేజి పెట్టి, ముల్లు చూసి, వారం వారం కొద్దికొద్దిగా పెంచాను. అదయ్యాకే ఇంజను విప్పి, కడిగి మళ్లీ కూర్చాను. బలం పెరిగింది కాబట్టి బ్రేకులూ పెద్దవి కావాలి. వచ్చే వారం ఆ పని.

గుర్తు సంగతి కూడా రాసుకోవాలి. ఇదివరకు గీత పెట్టేవాణ్ణి. నట్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము దాకా సన్నటి పసుపు గీత. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి కనబడుతుంది. ఆ పద్ధతి నేనే బావమరిదికి నేర్పాను. వాడు నాకు నేర్పానని చెప్పుకుంటాడు. ఈ మధ్య గీత మానేసి చుక్క పెడుతున్నాను. పెయింటు కలిసొస్తుంది. అదీ పొద్దున్నే అన్నిటికీ ఒకేసారి పెట్టేస్తున్నాను. షెడ్డు కిటికీ తూర్పుకు ఉంది, ఎనిమిదింటి వెలుతురు బాగుంటుంది. బిగింపు మధ్యాహ్నం చేసుకోవచ్చు, దానికి బలం చాలు. మధ్యాహ్నమయ్యేసరికి బ్రష్షు వెంట్రుకలు చెదురుతున్నాయి. ఈ రోజుల్లో మంచి బ్రష్షులు చేయడం లేదు.


మార్చి 8

గ్లాసు పగిలింది. సబ్బు చేతులు.


మార్చి 11, మంగళవారం

ముందు చక్రాల బ్రేకులు. తిరిగే డిస్కును రెండు పక్కల నుంచీ నొక్కిపట్టే ఇనుప పట్టును కాలిపర్ అంటారు. ఒక్కోదానికి రెండు బోల్టులు. కుడివి రెండు, ఎడమవి రెండు. పొద్దున్నే నాలుగూ చేత్తో ఎక్కించి, నాలుగింటికీ చుక్కలు పెట్టేశాను. చక్కగా గుండ్రంగా వచ్చాయి. భోజనం చేసి కుడి చక్రం దగ్గర కూర్చుని పొడుగు రెంచ్‌తో బిగించాను. కావలసినంత బిగువు రాగానే టక్కుమంటుంది. ఆ టక్కు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. మంచి వాక్యం చివర చుక్కలాంటిది.

అప్పుడు ఫోన్ మోగింది. బావమరిది. పోటీ ముందు కారును ఒకసారి తన దగ్గరికి తెమ్మని. పైకెత్తి కింద నుంచి చూస్తాడట, గంట పని అట. నీ మీద నమ్మకం లేక కాదు బావా, రెండు కళ్ల కంటే నాలుగు మేలు కదా అన్నాడు. ఆ నాలుగు కళ్లతో ఆ గురువారం షెడ్డులో ఏం చూశావురా, నట్లు చూశావా అన్నాను.

ఏ నట్లు బావా అన్నాడు వాడు.

అన్నీ చెప్పాను. పిస్టన్ సంగతి మొదలుపెట్టి ఈ నట్ల దాకా పందొమ్మిదేళ్లదీ వరసగా. చివర్న, మా ఆవిడ పోయింది కాబట్టి నీకూ నాకూ మధ్య ఇక చుట్టరికం లేదని కూడా అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చచ్చేదాకా నీకు ఫోన్ చేయను అన్నాను. వాడు, "సరే బావా, నువ్వు చెయ్యొద్దు, నేనే చేస్తాలే," అన్నాడు. నవ్వుతూ కాదు. అదే నాకు మంట.

మాట్లాడుతూ మాట్లాడుతూ షెడ్డు తాళం వేసేసి వచ్చి పడుకున్నాను.


మార్చి 12

చక్రాలు ఎక్కించాను. ఎక్కించేముందు బోల్టుల మీద చుక్కలు చూసుకున్నాను. నాలుగూ ఉన్నాయి.


మార్చి 13, గురువారం

మళ్లీ.

ఇంటర్‌కూలర్ గొట్టానికి ఉండే క్లిప్పు. దాని మీద చుక్క ఉంది. గొట్టాన్ని పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది.

తాళం వేసే ఉంది. చెవి నా మెడలోనే ఉంది. స్నానానికి కూడా తీయలేదు. కిటికీ ఊచలు నేనే ఊపి చూశాను. ఒక్క ఊచా కదల్లేదు. షెడ్డు మధ్యలో నిలబడి నాలుగు గోడలనూ చూశాను. పట్టపగలు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు. నేను మాత్రం తలుపు వైపు వీపు పెట్టడానికి భయపడి, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

చదివిన పుస్తకాల్లో ఇలాంటి గదులు చాలా చూశాను. లోపల గడియ పెట్టి ఉంటుంది, లోపల శవం ఉంటుంది. నాలుగు వందల పేజీలు తిప్పితే హంతకుడు వెంటిలేటర్లోంచి వచ్చాడని చెబుతారు. ఆ రకం పుస్తకాలను నేను ఎప్పుడూ అడుగు అరలో పెట్టేవాణ్ణి.

బియ్యం డబ్బాలో రెండో చెవి ఉంది. కానీ పెట్టినచోట లేదు, అడుగున ఉంది. లేదా అడుగునే పెట్టానేమో.

సాయంత్రం అమ్మాయిని అడిగాను. మీ మావయ్యకు తాళం చెవి ఇచ్చావా అని. కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపింది.

"నాన్నా, మావయ్య నట్లు విప్పుతాడా? నేను కూర్చునే కారుకి?"

నేను విప్పుతాడనలేదు, చెవి ఇచ్చావా అని మాత్రమే అడిగాను అన్నాను. ఇవ్వలేదంది. తర్వాత నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు. మా ఆవిడ ఆఖరి రోజుల్లో, ఆమె పక్కకు తిరిగి పడుకున్నప్పుడు, నేను ఆమెను అలా చూసేవాణ్ణి.

కంచంలో అన్నం కలుపుతుంటే అమ్మాయి నా చేతినే చూసింది. ఎడమ చేయి ఒళ్లో పెట్టుకున్నాను. కుడిది ఎక్కడ పెట్టుకోను.


మార్చి 14

తాళం మళ్లీ మార్చాను. ఈసారి రెండు చెవులూ మెడలోనే.


మార్చి 15

ఇంజను స్టార్టు చేశాను. మొదటి తిప్పుకే అందుకుంది. పది నిమిషాలు ఉన్నచోటే నడిపాను. ఎక్కడా చెమ్మ లేదు, పొగ లేదు. టర్బో సన్నగా ఈల వేసింది. ఆ ఈల లక్ష కార్లలో విన్నా గుర్తుపడతాను. సంతోషపడాలి. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని దూరంగా నిలబడి విన్నాను.


మార్చి 17, సోమవారం, పొద్దున

ఇలా కుదరదు. అమ్మాయికి అన్నీ తేదీల వారీగా చూపించి, వాడి గుట్టు బయటపెట్టాలి. ఎదురుగా కూర్చోబెట్టి చదువుతాను. ముప్పై నాలుగేళ్లు కేటలాగు రాసినవాణ్ణి, నాకు తెలుసు ఎలా పేర్చాలో.

ఫిబ్రవరి 27: వాడు షెడ్డులో ఒంటరిగా, మూడు నిమిషాలు.

మార్చి 2: టర్బో నట్లు రెండు.

మార్చి 11: వాడి ఫోన్. నేను పనిలో ఉన్న గంటలోనే ఎందుకు చేశాడు? అది కూడా రాయాలి. ఆ రోజు పేజీ తీశాను. కుడి చక్రం బిగించాను. అప్పుడు ఫోన్. ఫోన్ తర్వాత పడుకున్నాను.

అమ్మాయి కింద నుంచి కేక వేసింది. తన కారు కదలడం లేదట, బ్యాటరీ పోయిందట, సవతిని తీసుకెళ్తానంటోంది. కొత్త బ్రేకులు కాస్త అలవాటవుతాయి నాన్నా అంటోంది. పొద్దున షెడ్డు తెరిచి పెట్టింది నేనే. ఈల వినబడుతోంది. గేటు దాటింది.

కుడి చక్రం అని ఉంది. ఎడమ చక్రం అని ఎక్కడా లేదు


మార్చి 17, మధ్యాహ్నం

కలం బాగాలేదు అని రాయబోయాను. కలం బాగానే ఉంది.

జరిగింది జరిగినట్టు రాయాలి. మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. వీధిలో కారు లేదు. అమ్మాయికి ఫోన్ చేశాను. వంటింట్లో మోగింది. ఛార్జింగుకు పెట్టి మరిచిపోయి వెళ్లింది.

ఇంటి నుంచి స్కూలుకు ఒకటే దారి. బజారు, రైల్వే గేటు, తర్వాత కొండ ఎక్కడం, అవతలికి ఏడు మలుపులు దిగడం. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్ద పని లేదు. దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ తొక్కాలి. మూడో మలుపుకు గోడ లేదు. రైల్వే గేటు దగ్గర బావమరిది వర్క్‌షాపు.

వాడి నంబరు తీశాను. వంటింటి గోడ గడియారంలో ఏడు నలభై ఆరు. నొక్కేటప్పటికి ఏడు యాభై.

ఈ నాలుగు నిమిషాలూ రాయాలి. ఎవరికీ చెప్పను, కానీ రాయాలి. ఆ నాలుగు నిమిషాలూ నేను లెక్కలు వేస్తూ నిలబడ్డాను. ఫోన్ చేస్తే ఒప్పుకున్నట్టే కదా అనుకున్నాను. వాడు ఆ బోల్టులు కూడా తీగకు కట్టి గుమ్మానికి వేలాడదీస్తాడు అనుకున్నాను. బహుశా బిగించే ఉంటాను, రాయడం మరిచి ఉంటాను అనుకున్నాను. దారిలో పోలీసులెవరైనా ఉండరా, గేటు మనిషికి చెప్పించలేమా, వాడి పక్క షాపువాడి నంబరు దొరకదా అని కూడా అనుకున్నాను. నా కూతురు కొండకేసి పోతుంటే నేను వాడు కానివాడెవడైనా దొరుకుతాడా అని వెతికాను.

వాడు ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఒరేయ్, అమ్మాయి వస్తోంది. సవతిలో. ఆపు. ఎడమ బ్రేకు."

ఎందుకు, ఏమిటి అని అడగలేదు. ఫోన్ ఎక్కడో ఇనుము మీద పడిన చప్పుడు. చెప్పులు టపటపమంటూ దూరమయ్యాయి. అరవై తొమ్మిదేళ్లు వాడికి, ఒక మోకాలు పనిచేయదు.

ఫోన్ కట్ కాలేదు. నేను చెవికి ఆనించుకునే ఉన్నాను. వాడి వర్క్‌షాపు వినబడుతోంది. గాలి పంపు ఆగి ఆగి కొడుతోంది. ఎవరో రేకు మీద సుత్తితో చిన్నగా కొడుతున్నారు. రేడియోలో ఎవరో నవ్వుతున్నారు. గేటు పడే గంట మోగింది. గేటు పడితే ఆగుతుంది, ఆగితే చాలు అనుకున్నాను. తర్వాత, ఆగడానికి కూడా బ్రేకే తొక్కాలి అని గుర్తొచ్చింది.

అప్పుడు ఈల వినబడింది.

సన్నగా మొదలై దగ్గరైంది. నేను చేసిన ఈల. మూడు నెలలు షెడ్డులో కూర్చుని, ఎక్కడెంత గాలి పోవాలో చూసి చూసి చేసిన ఈల. అది ఫోన్లోకి వచ్చింది, పెద్దదైంది, వర్క్‌షాపు ముందుకు వచ్చింది, దాటిపోయింది. దాటిపోయాక టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. ఎవరో అరిచారు. తర్వాత ఏమీ లేదు. సుత్తి కూడా ఆగింది. రేడియో మనిషి నవ్వుతూనే ఉన్నాడు.

గోడకు ఆనుకుని కిందికి జారాను. మా ఆవిడను తలుచుకున్నానని రాస్తే బాగుంటుంది. తలుచుకోలేదు. ఎనిమిదింటి వెలుతురులో గుండ్రంగా వచ్చిన రెండు పసుపు చుక్కలు కనబడ్డాయి. అంతే.

చాలాసేపటికి చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాయి. ఎగశ్వాస.

"బావా, ఉన్నావా. ఆపాను. ఏం కాలేదు. నువ్వు కూర్చో ముందు."

కూర్చునే ఉన్నానని చెప్పలేకపోయాను.

పక్కింటాయన తన కారులో దింపాడు. సవతిని జాకీ మీద ఎత్తి ఉంచారు, ఎడమ చక్రం పక్కన ఒరిగి ఉంది. అమ్మాయి ఆఫీసు గదిలో స్కూలుకు ఫోన్ చేస్తోంది. వాడు చక్రం దగ్గర కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కాస్త జరిగాడు, నేనూ కూర్చోవడానికి. ఒక బోల్టు మూడొంతులు బయటికి వచ్చేసింది. రెండోదాన్ని వాడు వేలితో తిప్పి చూపించాడు. రెండింటి మీదా చుక్కలు మెరుస్తున్నాయి, పెళ్లికి ముస్తాబైనట్టు.

వాడు చుక్కలను చూశాడు. తర్వాత నా చేతిని చూశాడు. చేయి జేబులో పెట్టుకున్నాను. జేబు కూడా కదిలింది.

"గీత నుంచి చుక్కకి ఎప్పుడు దిగావు బావా?"

పెయింటు కలిసొస్తుందని అన్నాను.

తలూపాడు. తన దగ్గర మూడేళ్లుగా వేరే పద్ధతి అట. తను బిగిస్తాడు, గుర్తు ఇంకొకరు పెడతారు. ఒకడు బిగించినదాని మీద వాడే గుర్తు పెడితే, గుర్తు చూసి వాడే మోసపోతాడట. ఎవరికి చెబుతున్నట్టూ కాకుండా, బోల్టుకు చెబుతున్నట్టు చెప్పాడు. ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోపం వచ్చింది.

అమ్మాయి వచ్చింది. ముఖంలో రక్తం లేదు. గేటు ముందు తొక్కితే పెడలు అడుగుకు పోయిందట. మావయ్య చేతులూపుతూ వెంట పరిగెత్తి అరిస్తే, గేరు దించి హ్యాండ్‌బ్రేకు లాగి ఆపిందట. ఇంకాస్తయితే కొండ మీద ఉండేదాన్ని నాన్నా అంది. ఎవరు బిగించారివి అంది. నా వైపే చూస్తోంది. నేను నోరు తెరిచాను. వాడు ముందు మాట్లాడాడు.

"నేనేనమ్మా. మొన్న మీ నాన్న పడుకున్నప్పుడు వచ్చాను. విప్పి చూశాను, బిగించడం మరిచాను. షెడ్డు చెవి ఒకటి నా దగ్గరుంది."

అబద్ధం. రెండు చెవులూ నా చొక్కా కింద గుండెకు గుచ్చుకుంటున్నాయి.

అమ్మాయి అడిగింది, అంటే నాన్న చెప్పిందంతా నిజమేనా మావయ్యా అని. నిజమేనమ్మా అన్నాడు. టర్బో నట్లు కూడానా? అవీ నేనే. ఎందుకు? ముసలి బుద్ధి అన్నాడు. గెలవాలని అన్నాడు. తల దించుకుని, గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ, స్కూల్లో దొరికిపోయిన పిల్లాడిలా.

అమ్మాయి వాడిని పది నిమిషాలు తిట్టింది. నేనెప్పుడూ వినని మాటలు. తనకు చిన్నప్పుడు సైకిలు నేర్పిన మావయ్యను, వాళ్లమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంటి గుమ్మంలో కూర్చున్న మనిషిని. పందొమ్మిదేళ్లుగా నేను వాడిని ఏమేం అనాలనుకున్నానో అన్నీ అంది. ఒక్కటీ మిగల్చలేదు. నేను నిలబడి విన్నాను.

తర్వాత నా దగ్గరికి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. "నిన్నే అనుమానించాను నాన్నా. డాక్టర్ని కూడా అడిగాను. క్షమించు," అంది.

నేను ఆమె వీపు తట్టాను. ఎడమ చేత్తో.

గుమ్మంలోంచి బయటికి వస్తూ పైకి చూశాను. పిస్టన్ అక్కడే ఉంది. అంత త్యాగం చేసినవాడు దాన్ని మాత్రం దించలేదు.


మార్చి 18

గెలిచాను. నేను రాసిన నేరపత్రంలో ప్రతి పంక్తినీ ముద్దాయి ఒప్పుకున్నాడు. పొద్దున అమ్మాయి నాకు కాఫీ పైకి తెచ్చి ఇచ్చింది, నిండా కాకుండా సగం గ్లాసు పోసి. ఇరవై మూడున సవతితో వెళ్దాం నాన్నా, నువ్వు బిగించింది నాకు చాలు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను అంది.

నువ్వు బిగించింది నాకు చాలు.

కాఫీ అలాగే వదిలేసి లేచాను.

షెడ్డుకు వెళ్లాను. సవతి మీద ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టాను. నూట పన్నెండు. వాటిలో ఎన్ని పొద్దున పెట్టి మధ్యాహ్నం బిగించానో, ఎన్ని పెట్టి టీ తాగడానికి లేచానో, ఎన్నిటి దగ్గర ఫోన్ మోగిందో నాకు తెలియదు. నిజంగా తెలియదు. నూట పన్నెండు పసుపు కళ్లు నన్నే చూస్తున్నట్టున్నాయి. తలుపు మూసేసి వచ్చాను. ఆ షెడ్డులోకి ఎవరూ దూరలేదు. నేనే వెళ్లాను, నేనే వచ్చాను.

మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. నేనే చేస్తానన్నాడు కదా. అమ్మాయి వాడితో మాట్లాడనంటోందని నేను చెప్పాను. కొన్నాళ్లకు సర్దుకుంటుందిలే బావా అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లు, నేను వస్తా తోడు, అమ్మాయికి చెప్పొద్దులే అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. ఆ మెత్తదనం విని పళ్లు నూరుకున్నాను.

పడక కుర్చీలో కూర్చుని ఆలోచించాను. వాడు ఇలాగే చచ్చేదాకా గొప్పవాడిగా ఉంటాడు. నా మూలంగా మేనకోడలి చేత తిట్లు తింటాడు, తుడుచుకుంటాడు, నవ్వుతాడు. నేను నిర్దోషిగా ఉంటాను, నా బిగింపు చాలనుకుని నా కూతురు రన్‌వే మీద నూట అరవై వేగంతో పోతుంది. నా పిస్టన్ వాడు తీసుకున్నాడు, పందొమ్మిదేళ్లు ఊరికి చూపించాడు. ఇప్పుడు నా తప్పు కూడా తీసుకుంటాడట. ఇవ్వను. అది నాది. నా చేత్తో చేసింది. నా దగ్గర ఇంకేం మిగిలిందని?

భయంగానే ఉంది. అమ్మాయి షెడ్డు మూసేస్తుంది. డాక్టరు ఆ కాగితం మళ్లీ తీస్తాడు, ఈసారి అమ్మాయి చదువుతుంది. కొనడానికి ఎవరో వచ్చి సవతి చుట్టూ తిరిగి, వేలితో బానెట్ కొట్టి చూస్తారు. ఇవన్నీ నాకు తెలుసు. రాత్రి మంచం మీద ఈ చేయి ఒంటరిగా కొట్టుకుంటుంది, అదీ తెలుసు.

ఈ నోటుబుక్కు ఎవరికీ ఇచ్చేది కాదని మొదటి పేజీలో రాశాను. ఆ పంక్తి కొట్టేశాను.

మార్చి పదకొండు పేజీ తీసి, అంచున పసుపు పెయింటుతో గుర్తు పెట్టాను. చుక్క కాదు, గీత. మూడుసార్లు లాగాల్సి వచ్చింది. వంకరగా, వణుకుతూ, పక్క పేజీ మీదికి కూడా పోయింది. ఎవరు చూసినా తెలుస్తుంది ఎవరు పెట్టారో.

పెయింటు ఇంకా ఆరలేదు. అమ్మాయి మెట్లెక్కి వస్తోంది.